వద్దంటే.. వదిలేయండి!

‘ఇది నాన్న ముద్ద.. ఇది తాతయ్య ముద్ద..’ అంటూ గిన్నె పట్టుకుని పిల్లల వెనక ఇల్లంతా తిరుగుతున్నారా? అప్పటికీ తినకపోతే చేతికి ఫోన్ ఇస్తున్నారా? కడుపు నిండుతోందన్న తృప్తి మీకుండొచ్చు. కానీ బొమ్మలు చూస్తూ మింగే పిల్లలకు ఏం తింటున్నారో, ఎంత తింటున్నారో తెలియదు. ఎప్పుడు ఆకలేసిందో, ఎప్పుడు కడుపు నిండిందో గుర్తించడం అలవడదు.

ముందు పని పంచుకోండి. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ తినాలన్నది మీ నిర్ణయం. పెట్టినవాటిలో ఏది, ఎంత తినాలన్నది వాళ్లిష్టం. అమెరికా పోషకాహార నిపుణురాలు ఎలిన్ సాటర్ చెప్పిన సూత్రమిది.

పాలే అడ్డేమో!

‘అన్నం తినకపోయినా పాలు తాగాడులే’ అనుకుంటాం. ఏడాది దాటిన చిన్నారులకు రోజుకు అర లీటరుకు మించి పాలు అక్కర్లేదు. ఎక్కువైతే ఆకలి మందగిస్తుంది. పాలల్లో ఇనుము చాలా తక్కువ కాబట్టి రక్తహీనత ముప్పూ ఉంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లల్లో తెలంగాణలో 70 శాతం మంది, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు.

ఇలా చేసి చూడండి

• తోటకూర పప్పులో కాస్త నిమ్మరసం పిండండి. ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనంతో పాటు టీ ఇవ్వొద్దు.

• కొత్త కూరను ఒకసారి వద్దన్నారని మానేయకండి. పది, పదిహేనుసార్లు రుచి చూస్తే గానీ కొందరికి నచ్చదు. ప్రతిసారీ చెంచాడు చాలు.

• ‘బీరకాయ తింటే చాక్లెట్ ఇస్తా’ అనొద్దు. కూర శిక్ష, చాక్లెట్ బహుమతి అనిపిస్తుంది.

• రోజుకు ఒక్కపూటైనా టీవీ, ఫోన్లు ఆపి అందరూ కలిసి తినండి. మీరు కాకరకాయ ముక్కలు పక్కన పెడితే వాళ్లూ అదే చేస్తారు.

తినకుండా లేచిపోతే?

తిట్టకండి, బతిమాలకండి. రెండు, మూడు గంటల తర్వాత చిరుతిండి వేళకు అరటిపండో, ఉడికించిన గుడ్డో పెట్టండి. ఈలోపు బిస్కెట్లు, పాలు వద్దు.. దాహమేస్తే మంచినీళ్లే. మొదటి వారం మీకే కష్టంగా ఉంటుంది. నానమ్మకూ, అమ్మమ్మకూ ముందే చెప్పి ఉంచండి!

బరువు పెరగకపోయినా, తగ్గుతున్నా, ముఖం పాలిపోయినా, మట్టి, సుద్ద తింటున్నా, మింగడానికి ఇబ్బంది పడుతున్నా అది మారాం కాకపోవచ్చు. ఆలస్యం చేయకుండా పిల్లల వైద్యులకు చూపించండి.