చంద్రోదయ వేళ ఉపచ్ఛాయ గ్రహణం: మనం చూస్తున్నది నీడనా, గాలినా?

2020 నవంబరు 30, కార్తీక పౌర్ణమి. ఆ రోజు ఉపచ్ఛాయ చంద్రగ్రహణం. హైదరాబాదు నుంచి ఇద్దరు విద్యార్థులు తమ పరిశీలనను ఆ సాయంత్రం నాకు ఫోనులో పంపారు. చంద్రుడు ఎర్రగా, మసకగా ఉదయించాడనీ, అడుగుభాగం మరింత నల్లగా ఉందనీ, గంట తరువాత గ్రహణం విడిచి తెల్లబడ్డాడనీ రాశారు. వారు చూసినదాంట్లో అబద్ధం లేదు. కాని ఆనాటి గ్రహణం భారత కాలమానం ప్రకారం సాయంత్రం 5.23కే పూర్తిగా ముగిసింది. హైదరాబాదులో చంద్రోదయం అయింది మరో పావుగంటకు. మరి వారు చూసినదేమిటి?

ముందుగా నీడ సంగతి చూద్దాం. సూర్యుడు బిందువు కాదు, పెద్ద బింబం. అందుచేత భూమి నీడకు రెండు భాగాలుంటాయి. మీరు చంద్రుని మీద నిలబడి సూర్యుని వైపు చూస్తున్నట్లు ఊహించుకోండి. ప్రచ్ఛాయలో ఉంటే భూమి సూర్యబింబాన్ని పూర్తిగా మూసివేస్తుంది. ఉపచ్ఛాయలో ఉంటే కొంత భాగాన్నే మూస్తుంది. అంటే అక్కడ మీకు కనిపించేది పాక్షిక సూర్యగ్రహణం. ఉపచ్ఛాయ లోపలి అంచు దగ్గర సూర్యుడు దాదాపు అంతా మరుగవుతాడు, వెలుపలి అంచు దగ్గర దాదాపు ఏమీ మరుగు కాడు. కాబట్టి ఈ నీడకు గీత గీసినట్లు వెలుపలి హద్దు ఉండదు. దీని వెడల్పు సుమారు అర డిగ్రీ, ఇంచుమించు చంద్రబింబమంత. పైగా వెలుగు సగానికి తగ్గినా మన కంటికి అది సగమైనట్లు తోచదు. బింబంలో దాదాపు మూడింట రెండు వంతులు ఉపచ్ఛాయలోకి వెళ్ళేవరకు అనుభవజ్ఞులకు కూడా మార్పు తెలియడం కష్టం.

2020 గ్రహణం గరిష్ఠ దశకు చేరింది మధ్యాహ్నం 3.13కు. అప్పుడు చంద్రబింబ వ్యాసంలో 83 శాతం ఉపచ్ఛాయలో ఉంది, కాని మనకు చంద్రుడు ఇంకా క్షితిజం కిందే ఉన్నాడు. కోల్‌కతాలో గ్రహణం ముగియడానికి సుమారు అరగంట ముందే చంద్రుడు ఉదయించాడు. అయినా అక్కడివారికి మిగిలింది కంటికి ఆనని పలుచని నీడ మాత్రమే.

ఇక గాలి సంగతి. క్షితిజం దగ్గరి చంద్రుని కాంతి మనల్ని చేరడానికి, నడినెత్తిన ఉన్నప్పటికంటే దాదాపు 38 రెట్లు ఎక్కువ గాలిని దాటి రావాలి. దారిలో నీలి కాంతి ఎక్కువగా పరిక్షేపణం చెందుతుంది, ఎరుపు మిగులుతుంది. బింబం కింది అంచు నుంచి వచ్చే కాంతి పై అంచు కాంతికంటే ఇంకా ఎక్కువ గాలిని దాటుతుంది కాబట్టి అడుగుభాగం మరింత మసకగా ఉంటుంది. వక్రీభవనం కూడా కింది అంచును పై అంచుకంటే ఎక్కువగా పైకి లేపుతుంది. అందువల్ల బింబం కాస్త నొక్కిన బంతిలా కనిపిస్తుంది. కార్తీకమాసపు మంచు, పొలాల పొగ తోడైతే చెప్పనక్కరలేదు. మన ప్రాంతంలో చంద్రుడు 10 డిగ్రీల ఎత్తుకు చేరడానికి సుమారు ముప్పావు గంట పడుతుంది. అప్పటికి ఆ 38 రెట్లు ఐదున్నర రెట్లకు దిగుతుంది. విద్యార్థులు 'విడుపు' అనుకున్నది ఇదే.

అయితే నిజంగా గ్రహణం ఉన్న రోజున ఈ రెంటినీ ఎలా వేరుచేయాలి? నీడ ఏ వైపున ఉందో చూడండి. చంద్రుడు భూమి నీడలో పడమటి నుంచి తూర్పుకు కదులుతాడు. కాబట్టి తూర్పు అంచు ముందు బయటపడుతుంది, పడమటి అంచున నీడ చివరివరకు మిగులుతుంది. మన అక్షాంశాల్లో ఉదయిస్తున్న చంద్రునికి పడమటి అంచు పైవైపున ఉంటుంది. అంటే గ్రహణం విడుస్తున్న వేళ చంద్రోదయమైతే నీడ పైన, గాలి వల్ల వచ్చిన మసక కింద. గ్రహణం పడుతున్న వేళ ఉదయిస్తే చిక్కే, రెండూ కిందనే ఉంటాయి. అప్పుడు అరగంట ఆగాలి. చంద్రుడు పైకి వచ్చేకొద్దీ గాలి మసక తగ్గుతుంది, నీడ మాత్రం పెరుగుతుంది.

దీనికి మంచి ఉదాహరణ మళ్ళీ ఒక కార్తీక పౌర్ణమే, 2022 నవంబరు 8. ఆనాటి సంపూర్ణ గ్రహణం విడుస్తుండగా హైదరాబాదులో సుమారు 5.40కి చంద్రుడు ఉదయించాడు. ప్రచ్ఛాయ కొరికిన భాగం పైన, కొంచెం కుడికి వాలి ఉంది. 6.19కి ప్రచ్ఛాయ వదిలింది. పంచాంగాలు సాధారణంగా ప్రచ్ఛాయనే లెక్కిస్తాయి కాబట్టి విడుపు అదే. ఉపచ్ఛాయ మాత్రం 7.26 వరకు ఉంది. 6.19 తరువాత కొంతసేపు ఆ పై అంచున పొగచూరినట్లు బూడిదరంగు మసక మిగులుతుంది, ఎరుపు ఉండదు. చాలామంది విడుపు స్నానాలకు లోపలికి వెళ్ళే ఆ కొద్దిసేపే మన పరిశీలనకు పనికివచ్చేది.

ఫోనుతో ఫొటోలు తీస్తే ఎక్స్‌పోజరును, రంగుల సర్దుబాటును ఒకేచోట స్థిరపరచండి. లేకపోతే కెమెరా తనంతట తానే సర్దుకొని ఆ కొద్ది తేడాను కూడా చెరిపేస్తుంది. రికార్డులో చూసినదాన్ని చూసినట్లే, సమయంతో సహా రాయండి. అది దేనివల్లో అన్న మీ నిర్ణయాన్ని దాని కింద వేరుగా రాయండి. నిర్ణయం తప్పని తరువాత తెలిసినా పై భాగాన్ని దిద్దవద్దు.

ఆ ఇద్దరికీ నేను ఇదే చెప్పాను. మరునాడు అదే మేడ మీద నుంచి, చంద్రుడు అంతే ఎత్తులో ఉన్నప్పుడు మళ్ళీ చూడమన్నాను. చంద్రుడు ఆలస్యంగానే వచ్చాడనీ, నిన్నటిలాగే ఎర్రగా, అడుగున నల్లగా ఉన్నాడనీ వారిలో ఒకరు ఆ రాత్రి రాశారు. మొదటి రోజు రాసినదాన్ని కొట్టివేయలేదు, దాని పక్కన రెండో రోజు తేదీ వేశారు.