అమ్మాన్ చుట్టూ కోటలు, శిథిలాలు: అపోహలు – వాస్తవాలు

జోర్డాన్ అనగానే మనవాళ్లకు పెట్రా, మృత సముద్రం, నెబో కొండ గుర్తొస్తాయి. మన దగ్గరి నుంచి పవిత్ర భూమి యాత్రకు వెళ్లే తెలుగు క్రైస్తవ బృందాలు కూడా ఎక్కువగా ఆ దారిలోనే తిరిగి వచ్చేస్తాయి. కానీ రాజధాని అమ్మాన్‌లో పొద్దున్నే కారు మాట్లాడుకుని బయల్దేరితే చీకటి పడేలోగా చూసి రాగల దూరంలో ఒక రోమన్ నగరం, ఒక కొండకోట, ఎడారిలో కొన్ని పాత భవనాలు ఉన్నాయి. వాటి గురించి ప్రచారంలో ఉన్న కొన్ని మాటలు నిజం కావు. అసలు కథలు వాటికన్నా చాలా గొప్పవి.

అపోహ: జెరాష్ 'తూర్పు దేశపు పాంపేయి'. ఉన్నది ఉన్నట్టుగా నేలలో నిద్రపోయిన నగరం.

వాస్తవం: ఈ పోలిక విన్నవాళ్లు ఏదో అగ్నిపర్వతం ఊరిని బూడిదతో కప్పేసిందనుకుంటారు. అమ్మాన్‌కు ఉత్తరాన సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని జెరాష్‌కు అలాంటిదేమీ జరగలేదు. క్రీ.శ. 749లో వచ్చిన పెద్ద భూకంపం దాన్ని కూల్చింది. 1806లో సీట్జెన్ అనే జర్మన్ యాత్రికుడు గుర్తించేదాకా యూరప్‌కు దీని ఆచూకీ లేదు. ఇవాళ వీధి పొడవునా మనం చూసే స్తంభాల్లో చాలా వాటిని 1920ల నుంచి తవ్వి తీసి, ముక్కలు జతపరిచి మళ్లీ నిలబెట్టారు. అది తెలిస్తే ఆ పనివాళ్ల మీద గౌరవం పెరుగుతుందే తప్ప శిథిలాల విలువ తగ్గదు. పాత నగరం తూర్పు భాగం ఇప్పటి జెరాష్ పట్నం కింద ఉంది. అక్కడ జనం కాపురాలున్నాయి.

ఆర్టెమిస్ గుడి స్తంభాలు కదులుతాయని చెప్పి, గైడ్లు రాళ్ల సందులో చెంచా పెట్టి చూపిస్తారు. అది కనికట్టు కాదు. గాలికి ఆ స్తంభాలు నిజంగానే సన్నగా ఊగుతాయి, చెంచా పైకీ కిందికీ ఆడుతుంది.

అపోహ: జెరాష్‌ను రోమన్లు కట్టారు, అరబ్బులు వచ్చి ధ్వంసం చేశారు.

వాస్తవం: దీన్ని మాత్రం గట్టిగా ఖండించాలి. రోమన్ల తర్వాత బైజాంటిన్ కాలంలో ఇక్కడ పదికి పైగా చర్చిలు లేచాయి. ఆరో శతాబ్దంలో ఒక యూదుల ప్రార్థనా మందిరాన్ని చర్చిగా మార్చారు. ఏడో శతాబ్దంలో నగరం ముస్లింల పాలనలోకి వచ్చాక కూడా చర్చిలు నడిచాయి, కుండల బట్టీలు మండాయి, రాగి నాణేలు ముద్రించారు. నగరం నడిబొడ్డున డమాస్కస్ నుంచి ఏలిన ఉమయ్యద్ ఖలీఫాల కాలపు పెద్ద మసీదు పునాదులు బయటపడ్డాయి. కొత్త పాలకులు ఊరిని కూల్చలేదు, అందులో కాపురం చేశారు. దెబ్బ కొట్టింది భూకంపం. ఆ మరుసటి ఏడాదే ఉమయ్యద్‌లు పోయి అబ్బాసీలు వచ్చారు. అధికారం డమాస్కస్ నుంచి ఇరాక్ వైపు తరలిపోవడంతో ఈ ప్రాంతం వెనకబడింది.

అపోహ: యేసు వెళ్లగొట్టిన దయ్యాలు చొరబడి పందుల మంద సముద్రంలోకి పరుగెత్తిందని సువార్త చెప్పే గెరాసేనుల చోటు జెరాషే.

వాస్తవం: జెరాష్ పాత పేరు గెరాసా. దెకపొలి అనే పది పట్టణాల సముదాయంలో ఇదీ ఒకటి. కానీ ఆ ఘట్టంలోని సముద్రం, అంటే గలిలయ సరస్సు, ఇక్కడికి యాభై కిలోమీటర్ల పైమాటే. సరస్సును చూస్తూ ఆ ఘట్టాన్ని తలచుకోవాలంటే ఇంకా ఉత్తరాన, నల్లరాతి రంగస్థలం ఉన్న ఉమ్ కైస్‌కు, అంటే పాత గదరకు వెళ్లాలి.

అపోహ: అజ్లూన్ కోట క్రూసేడర్లది.

వాస్తవం: సరిగ్గా తలకిందులు. క్రూసేడర్లను అడ్డుకోవడానికే 1184లో సలావుద్దీన్ సేనాని ఇజ్జుద్దీన్ ఉసామా ఈ కోట కట్టాడు. జోర్డాన్ లోయ మీద, చుట్టుపక్కల ఇనుప గనుల మీద ఇక్కడి నుంచి కన్నేసి ఉంచేవారు. 1260లో మంగోలులు దెబ్బతీస్తే మమ్లూక్ సుల్తాన్ బైబర్స్ బాగుచేయించాడు. తర్వాత 1837, 1927 భూకంపాలు గోడలను కుదిపేశాయి. జెరాష్ నుంచి అరగంట దారి. జోర్డాన్ అంతా ఇసుకే అనుకునేవాళ్లు ఈ కొండల మీది సింధూర వృక్షాల అడవిని, ఆలివ్ తోటలను చూడాలి. చలికాలంలో అప్పుడప్పుడు మంచు కూడా పడుతుంది.

అపోహ: తూర్పు ఎడారిలోని కట్టడాలన్నీ యుద్ధ కోటలు.

వాస్తవం: అన్నిటికీ కోటలనే పేరు స్థిరపడిపోవడంతో వచ్చిన చిక్కు ఇది. కస్ర్ ఖరానా చూడండి. నలుచదరం, మూలల్లో బురుజులు, గోడల్లో సన్నని చీలికలు. బాణాలు వేసేందుకే అనిపిస్తుంది. లోపలికి వెళ్లి నిలబడితే ఆ చీలికలు విలుకాడికి అందనంత ఎత్తున ఉంటాయి. అవి గాలికీ వెలుతురుకూ పెట్టినవి. రెండంతస్తుల్లో సుమారు అరవై గదులు. ఉమయ్యద్ ప్రభువులు స్థానిక తెగల పెద్దలతో సమావేశమయ్యేందుకు వాడి ఉంటారని పండితుల ఊహ.

కస్ర్ అమ్రా అయితే స్నానశాల, విడిది. కాబోయే ఖలీఫా వలీద్ ఇబ్న్ యజీద్ దీన్ని కట్టించాడని 2012లో బయటపడ్డ శాసనం తేల్చింది. తొలినాటి ఇస్లాంలో మనుషుల బొమ్మలే ఉండవనుకునేవారు ఈ గోడల ముందు కాసేపు నిలబడాలి. వేట, స్నానం చేస్తున్న స్త్రీలు, రాళ్లు కొట్టే పనివాళ్లు, బైజాంటిన్, పర్షియా, ఇథియోపియా పాలకులతో కలిపి ఆరుగురు రాజులు. వేడినీటి గది గుమ్మటం లోపల రాశిచక్రం. గుమ్మటం మీద ఆకాశాన్ని చిత్రించినవాటిలో నేటికి మిగిలిన అతి పాతది ఇదేనంటారు. 1985లోనే యునెస్కో గుర్తింపు దక్కింది.

అజ్రక్ మాత్రం నిజమైన కోటే. రోమన్ల నాటి మూలం, నల్లరాయి, టన్నుల బరువుండే రాతి తలుపులు. 1917 చలికాలంలో 'లారెన్స్ ఆఫ్ అరేబియా'గా పేరుపడ్డ బ్రిటిష్ సైనికాధికారి ఇక్కడ మకాం వేశాడు. కోటకు ప్రాణం పోసిన ఊటలు అమ్మాన్ దాహం తీర్చేందుకు నీళ్లు తోడేయడంతో 1990ల మొదట్లో ఎండిపోయాయి.

అపోహ: సొంతంగా కారు మాట్లాడుకుంటే ఒక్క రోజులో అన్నీ చుట్టేయొచ్చు, డ్రైవరే అన్నీ చెబుతాడు.

వాస్తవం: జెరాష్, అజ్లూన్ ఉత్తరాన, ఎడారి భవనాలు తూర్పున. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే రోడ్డే ఎక్కువ చూస్తారు. జెరాష్‌కు బస్సులున్నాయి. అమ్రా, ఖరానాలకు మాత్రం సొంత వాహనం లేకపోతే కష్టం. డ్రైవర్ పని బండి నడపడం వరకే. లోపల వివరించడానికి లైసెన్సు ఉన్న గైడ్‌ను విడిగా కుదుర్చుకోవాలి. వెయిటింగ్, భోజనం, గైడ్ ఖర్చులు ఎవరివో బయల్దేరకముందే మాట్లాడుకోండి. జోర్డాన్ పాస్ తీసుకుంటే ఈ ప్రవేశాలన్నీ అందులోనే వస్తాయి.

చేతిలో ఒక్క రోజే ఉంటే ఉత్తరానికి వెళ్లండి. రెండో రోజు దొరికితే అమ్రాను వదలొద్దు. అక్కడ వేలు ఆనించినా గోడ మీది రంగుకు హాని. ఇప్పటికే ఎందరో ఆ బొమ్మల మీద పేర్లు గీకి పోయారు. మీ పిల్లలకు లోపలికి వెళ్లకముందే చెప్పండి.