నల్లమలలో ఇప్పపూల విద్య

శ్రీశైలం చుట్టూ పరచుకున్న నల్లమలలో, మల్లికార్జునుణ్ణి చెంచు మల్లయ్యగా కొలిచే చెంచులకు ఇప్పసారా తయారీ ఏ పుస్తకమూ లేకుండా పెద్దలనుంచి పిల్లలకు అందిన విద్య. వేసవి మొదట్లో రాత్రివేళ రాలే, లేత పసుపు రంగులో కండగా ఉండే ఇప్పపూలను తెల్లవారగానే ఏరి, ఎండబెట్టి, నీటిలో నానవేస్తే, ఈస్టు అనే సూక్ష్మజీవి వాటిలోని చక్కెరను ఆల్కహాలుగా, బొగ్గుపులుసు వాయువుగా మారుస్తుంది, పులియడమంటే ఇదే. నురగ అణిగాక ఆ పులిసిన నీటిని కాచి, లేచిన ఆవిరిని చల్లబరిచి బొట్టుబొట్టుగా పట్టడాన్ని స్వేదనం అంటారు. బీరుకు ఈ రెండో మెట్టు లేదు, అది పులియడంతోనే ఆగుతుంది. అసలు నేర్పంతా పులియడం ఎప్పుడు పదునుకు వచ్చిందో వాసనతో పోల్చుకోవడంలోనే ఉంది. అయితే లైసెన్సు లేకుండా ఇంట్లో సారా కాచడం 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టం ప్రకారం నేరం.