బుకింగ్ ఓకే చేశాక డ్రైవర్ రైడ్ రద్దు చేయొచ్చా? క్యాబ్ నిబంధనలు ఏం చెబుతున్నాయి?

యాప్‌లో క్యాబ్ బుక్ అవుతుంది. బండి నంబరు, డ్రైవర్ పేరు తెర మీద కనిపిస్తాయి. అంతలోనే ఫోన్ మోగుతుంది. ‘‘ఎక్కడికి సార్? క్యాషా, ఆన్‌లైనా?’’ ‘ఆన్‌లైన్’ అని చెప్పగానే అటువైపు నుంచి మాట ఉండదు. బండి ఉన్న చోటు నుంచి కదలదు. కాసేపటికి రైడ్ రద్దవుతుంది. లేదంటే ‘‘మీరే క్యాన్సిల్ చేసేయండి’’ అనే సలహా వస్తుంది.

హైదరాబాద్, విశాఖపట్నం, బెంగళూరు, దిల్లీ... ఊరు ఏదైనా క్యాబ్ ఎక్కే వారికి ఇది పరిచయమైన అనుభవమే. మరి, ఒకసారి బుకింగ్‌ను అంగీకరించాక డ్రైవర్‌కు దాన్ని వదిలేసే హక్కు ఉందా? ఏ బుకింగ్ తీసుకోవాలో, ఏది వద్దనాలో నిర్ణయించేది ఎవరు? నిబంధనలు ఉన్నా రద్దులు ఎందుకు ఆగడం లేదు?

చట్టం దృష్టిలో క్యాబ్ అంటే?

1988 నాటి మోటారు వాహనాల చట్టం అద్దె క్యాబ్‌ను ‘కాంట్రాక్ట్ క్యారేజ్’గా చూస్తుంది. ఆర్టీసీ బస్సు నిర్ణీత మార్గంలో తిరుగుతూ స్టాపుల్లో ఎవరినైనా ఎక్కించుకుంటుంది. కాంట్రాక్ట్ క్యారేజ్ అలా కాదు. ఒక చోటి నుంచి మరో చోటికి తీసుకెళ్లేందుకు ముందుగా కుదిరిన ఒప్పందం మీద నడుస్తుంది. పేరులోనే ఒప్పందం ఉంది.

ఈ చట్టం రాసినప్పుడు యాప్‌లు లేవు. 2019లో చేసిన సవరణతో ‘అగ్రిగేటర్’ అనే మాట చట్టంలోకి వచ్చింది. ప్రయాణికులను, డ్రైవర్లను కలిపే డిజిటల్ మధ్యవర్తి అని దానికి నిర్వచనం ఇచ్చారు. ఓలా, ఉబర్, ర్యాపిడో లాంటి సంస్థలు రాష్ట్ర ప్రభుత్వం నుంచి లైసెన్సు తీసుకోవాలని సెక్షన్ 93 చెబుతోంది. ఆ లైసెన్సుల విషయంలో రాష్ట్రాలు అనుసరించేందుకు కేంద్ర రవాణా శాఖ 2020 నవంబరులో తొలిసారి మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 జులై 1న వాటి స్థానంలో కొత్తవి తెచ్చింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఇవి మార్గదర్శకాలు మాత్రమే. రాష్ట్రాలు వీటిని స్వీకరించి, తమ నిబంధనలుగా ప్రకటిస్తేనే పూర్తి బలం వస్తుంది. ఒక రాష్ట్రంలో కనిపించే రక్షణ పక్క రాష్ట్రంలో కనిపించకపోవడానికి ఇదే కారణం.

బుకింగ్‌లు తీసుకోవాలంటే ఏం ఉండాలి?

మొదటిది పర్మిట్. అద్దెకు తిరిగే కారుకు పసుపు రంగు నంబరు ప్లేటు, దాని మీద నల్ల అక్షరాలు ఉంటాయి. ఎలక్ట్రిక్ క్యాబ్ అయితే ఆకుపచ్చ ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉంటాయి. తెల్ల ప్లేటు సొంత కారులో డబ్బులు తీసుకుని ప్రయాణికులను తిప్పితే అది పర్మిట్ లేకుండా నడపడమే. 2019 సవరణ తర్వాత ఈ నేరానికి మొదటిసారే రూ.10 వేల జరిమానా, ఆరు నెలల వరకు జైలు ఉన్నాయి. పైగా, వ్యక్తిగత వాడకం కోసం తీసుకున్న బీమా పాలసీ అద్దె ప్రయాణాలకు వర్తించదు. ద్విచక్ర వాహనాల విషయంలో మాత్రం, సొంత బైక్‌లను యాప్ ద్వారా ప్రయాణికుల కోసం నడిపేందుకు రాష్ట్రాలు అనుమతించవచ్చని 2025 మార్గదర్శకాలు చెప్పాయి.

రెండోది డ్రైవింగ్ లైసెన్సు. కారు లైసెన్సు ఉన్నవారు క్యాబ్ నడపాలంటే ప్రత్యేకంగా రవాణా వాహన అనుమతి కూడా ఉండాలా అనే వివాదం చాలా ఏళ్లు నడిచింది. 7,500 కిలోల లోపు బరువున్న రవాణా వాహనాలకు తేలికపాటి వాహన లైసెన్సు సరిపోతుందని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

వీటికి తోడు పోలీసు విచారణ, వైద్య పరీక్ష, శిక్షణ పూర్తయ్యాకే డ్రైవర్‌ను యాప్‌లో చేర్చుకోవాలి. డ్రైవర్‌కు కనీసం రూ.5 లక్షల ఆరోగ్య బీమా, రూ.10 లక్షల టర్మ్ బీమా సంస్థే కల్పించాలి. ఒకే డ్రైవర్ రెండు మూడు యాప్‌లలో పని చేయడానికి అడ్డేమీ లేదు.

వద్దనడం వేరు, రద్దు చేయడం వేరు

ప్రయాణికుల కోపమంతా ‘క్యాన్సిల్’ అన్న ఒక్క మాట మీదే ఉంటుంది. నిజానికి అందులో రెండు వేర్వేరు పనులు ఉన్నాయి.

బుకింగ్ అభ్యర్థన డ్రైవర్ ఫోన్‌కు వచ్చినప్పుడు అంగీకరించాలా, వద్దా అని నిర్ణయించుకోవడానికి కొన్ని సెకన్ల సమయం ఉంటుంది. ఆ దశలో వదిలేస్తే అభ్యర్థన మరో డ్రైవర్‌కు వెళ్తుంది. ప్రయాణికుడికి ఆ సంగతి తెలియను కూడా తెలియదు. అంగీకరించిన తర్వాత పరిస్థితి వేరు. ప్రయాణికుడు ఇక మరో బండి వెతుక్కోడు. ఆ మాట మీద నమ్మకంతో రోడ్డు మీదికి వచ్చి నిలబడతాడు.

2025 మార్గదర్శకాల్లోని జరిమానా ఈ రెండో దశకే. అంగీకరించాక సరైన కారణం లేకుండా డ్రైవర్ రద్దు చేస్తే ఛార్జీలో 10 శాతం, గరిష్ఠంగా రూ.100 చెల్లించాలి. కారణం లేకుండా రద్దు చేసే ప్రయాణికుడికీ ఇదే పరిమితి.

పాత చట్టంలో మరో నిబంధన కూడా ఉంది. కాంట్రాక్ట్ క్యారేజ్ డ్రైవర్ నిబంధనలకు విరుద్ధంగా ప్రయాణికుణ్ని ఎక్కించుకోవడానికి నిరాకరిస్తే సెక్షన్ 178 కింద జరిమానా వేయొచ్చు. ఆటోలాంటి మూడు చక్రాల వాహనానికి అది రూ.50 దాటదు. కార్లకు గతంలో రూ.200 ఉండేది, 2019 సవరణతో రూ.500 అయింది. డిసెంబరు 31 రాత్రి క్యాబ్‌లు, ఆటోలు రైడ్ నిరాకరించొద్దంటూ హైదరాబాద్ పోలీసులు చేసే హెచ్చరికకు ఆధారం ఈ సెక్షనే.

జరిమానా ఉన్నా రద్దులు ఎందుకు?

ఒక లెక్క వేసి చూస్తే కారణం అర్థమవుతుంది. ఉదాహరణకు, ప్రయాణికుడు 6 కిలోమీటర్ల దూరంలో ఉన్నారు. వెళ్లాల్సింది 4 కిలోమీటర్లు. ఛార్జీ రూ.150. సొంత బండి ఉన్న డ్రైవర్‌కు ఛార్జీలో కనీసం 80 శాతం దక్కాలన్నది నిబంధన. అంటే చేతికి వచ్చేది రూ.120. తిరగాల్సింది మాత్రం ఖాళీగా వెళ్లే దూరంతో కలిపి 10 కిలోమీటర్లు. కిలోమీటరుకు రూ.12 పడింది. ఇంధనం, బండి ఈఎంఐ, మరమ్మతులు అందులోంచే రావాలి.

అదే సమయంలో మరో యాప్‌లో కిలోమీటరు దూరంలో 10 కిలోమీటర్ల రైడ్ రూ.300కు కనిపించిందనుకుందాం. డ్రైవర్ వాటా రూ.240, తిరిగేది 11 కిలోమీటర్లు. కిలోమీటరుకు దాదాపు రూ.22. మొదటి రైడ్‌ను రద్దు చేస్తే పడే జరిమానా రూ.15. ఏది లాభమో చెప్పనక్కర్లేదు.

అంటే చిన్న దూరాల ప్రయాణికుడిని ఈ జరిమానా దాదాపుగా కాపాడదు. రద్దుల వల్ల ఎక్కువగా ఇబ్బంది పడేదీ వారే. మెట్రో స్టేషన్ నుంచి ఇంటికి, ఇంటి నుంచి ఆస్పత్రికి వెళ్లే రైడ్లకు ఛార్జీ తక్కువ కాబట్టి జరిమానా కూడా తక్కువే.

ఖాళీగా వచ్చే దూరం సమస్యను 2025 మార్గదర్శకాలు కొంతవరకు గుర్తించాయి. కనీసం 3 కిలోమీటర్లకు బేస్ ఫేర్ వసూలు చేయొచ్చని, ప్రయాణికుణ్ని ఎక్కించుకోవడానికి వచ్చే ఖర్చుకు అది పరిహారమని చెప్పాయి. రద్దీ వేళల్లో ఛార్జీని బేస్ ఫేర్‌కు రెండింతల వరకు పెంచుకోవచ్చు. 2020లో ఈ పరిమితి ఒకటిన్నర రెట్లే. రద్దీ లేనప్పుడు బేస్ ఫేర్‌లో సగానికి తగ్గకూడదు. అయితే ఆ బేస్ ఫేర్‌ను ప్రకటించాల్సింది రాష్ట్రమే. అది వాస్తవ ఖర్చుకు దగ్గరగా లేకపోతే మిగతా లెక్కలన్నీ తప్పుతాయి.

ముందే తెలిస్తే రద్దు తగ్గుతుందా?

‘ఎక్కడికి? క్యాషా?’ అనే ప్రశ్నలు ఊరికే పుట్టలేదు. యాప్‌లు చాలాకాలం డ్రైవర్‌కు గమ్యాన్ని, చెల్లింపు విధానాన్ని ముందుగా చూపించలేదు. చూపిస్తే లాభం ఉన్న రైడ్లనే ఏరుకుంటారన్నది సంస్థల భయం. తెలియకుండా అంగీకరించాల్సి రావడంతో డ్రైవర్లు మొదట ఓకే నొక్కి, ఫోన్‌లో వివరాలు అడిగి, నచ్చకపోతే రద్దు చేసేవారు. ఏరుకోవడం ఆగలేదు. అంగీకారానికి ముందు జరగాల్సింది తర్వాత జరిగింది. ఆ భారం రోడ్డు మీద నిలబడ్డ ప్రయాణికుడి మీద పడింది.

2021 డిసెంబరులో ఓలా, 2022లో ఉబర్ ఈ వివరాలను ముందుగానే డ్రైవర్లకు చూపిస్తామని ప్రకటించాయి. ఫిర్యాదులు పెరగడంతో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 మేలో ఓలా, ఉబర్‌లకు నోటీసులు ఇచ్చింది. డ్రైవర్లు ప్రయాణికులతోనే రద్దు చేయించడం, దానికి ప్రయాణికుల నుంచే రుసుము వసూలు కావడం ఆ ఫిర్యాదుల్లో ముఖ్యమైనవి.

అడ్వాన్స్ టిప్ అడగొచ్చా?

ఆ తర్వాత కొత్త పద్ధతి వచ్చింది. ‘కాస్త టిప్ కలిపితే బండి త్వరగా దొరుకుతుంది’ అంటూ యాప్‌లే బుకింగ్ సమయంలో సూచించడం మొదలుపెట్టాయి. సేవ అందక ముందే టిప్ అడగడం అనైతికమని కేంద్ర మంత్రి ప్రహ్లాద్ జోషి 2025 మేలో విమర్శించారు. వినియోగదారుల సంస్థ ఉబర్‌కు నోటీసు ఇచ్చింది. అదే ఏడాది డిసెంబరులో కేంద్రం మార్గదర్శకాలను సవరించింది. టిప్ ఇచ్చే సదుపాయం ప్రయాణం పూర్తయ్యాకే కనిపించాలి, అది పూర్తిగా ఐచ్ఛికం, మొత్తం డ్రైవర్‌కే చేరాలి. అందుబాటును బట్టి మహిళా ప్రయాణికులు మహిళా డ్రైవర్‌ను ఎంచుకునే వీలు కల్పించాలన్నది మరో సవరణ.

‘యాప్‌లో క్యాన్సిల్ చేయండి, నేనే దింపుతా’ అంటే?

రైడ్‌ను యాప్‌లో రద్దు చేసి, అదే డబ్బుకు నేరుగా తీసుకెళ్తానని కొందరు డ్రైవర్లు చెబుతుంటారు. కమీషన్ మిగులుతుందన్నది వారి ఆలోచన. కానీ ఆ క్షణం నుంచి ఆ ప్రయాణం యాప్ రికార్డులో ఉండదు. దారి మళ్లితే గుర్తించే ఏర్పాటు, అత్యవసర బటన్, యాప్ ద్వారా వచ్చే బీమా ఏవీ పనికిరావు. ఏదైనా జరిగితే ప్రయాణం జరిగిందని నిరూపించుకోవడమే ఇద్దరికీ కష్టమవుతుంది.

వేరే రాష్ట్రం బండికి బుకింగ్ వస్తే?

తెలుగు రాష్ట్రాల్లో ఈ ప్రశ్న 2024లో గట్టిగా ముందుకొచ్చింది. హైదరాబాద్‌కు ఉమ్మడి రాజధాని హోదా ఆ ఏడాది జూన్ 2తో ముగిసింది. ఆ తర్వాత ఏపీ రిజిస్ట్రేషన్ ఉన్న క్యాబ్‌లను నగరంలో అడ్డుకుంటున్నారంటూ ఆ డ్రైవర్లు ఆగస్టులో ఏపీ ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్‌ను కలిశారు. ఏళ్ల తరబడి ఇక్కడే బతుకుతున్నామన్నది వారి మాట. స్థానిక బుకింగ్‌లు స్థానిక బండ్లకే దక్కాలన్నది తెలంగాణ డ్రైవర్ల మాట. యాప్‌కు సరిహద్దు కనిపించకపోవచ్చు. పర్మిట్లు, పన్నులు, అగ్రిగేటర్ లైసెన్సులు మాత్రం రాష్ట్రం పరిధిలోనివే.

కమీషన్ లేని యాప్‌లలో బాధ్యత ఎవరిది?

నమ్మ యాత్రి లాంటి యాప్‌లు రైడ్ మీద కమీషన్ కాకుండా డ్రైవర్ల నుంచి రోజువారీ రుసుము తీసుకునే పద్ధతిని తెచ్చాయి. 2025లో ఉబర్ ఆటోలకు ఇలాంటి విధానానికే మారింది. ఓలా కూడా కమీషన్ లేని పద్ధతిని ప్రకటించింది. డ్రైవర్‌కు ఇది ఊరటే. కానీ డబ్బు నేరుగా డ్రైవర్‌కు చేరినప్పుడు, ‘మేం సాఫ్ట్‌వేర్ మాత్రమే ఇస్తున్నాం’ అని సంస్థ చెప్పుకొనే అవకాశం ఉంటుంది. రద్దుకు ఎవరు జవాబు చెప్పాలనేది అక్కడ మరింత మసకబారుతుంది.

ప్రయాణికులు ఏం చేయొచ్చు?

డ్రైవర్ అడిగినందుకు తాము రద్దు చేయకపోవడం మొదటి జాగ్రత్త. తప్పనిసరైతే ‘డ్రైవర్ రద్దు చేయమన్నారు’ అనే కారణాన్నే ఎంచుకుని, స్క్రీన్‌షాట్ దాచుకోవాలి. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల నిబంధనల ప్రకారం, తాను రద్దు చేసినప్పుడు అలాంటి రుసుమే భరించని సంస్థ వినియోగదారుడి నుంచి రద్దు రుసుము వసూలు చేయకూడదు. ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలపాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. పర్మిట్, నంబరు ప్లేటుకు సంబంధించిన ఫిర్యాదులైతే రవాణా శాఖకు, నిరాకరణ అయితే ట్రాఫిక్ పోలీసులకు చెప్పాలి.

తేలాల్సింది ఏమిటి?

నిబంధనల్లో అన్నిటికంటే బరువైన మాట ‘సరైన కారణం’. బండి చెడిపోవడం సరైన కారణమే. ప్రయాణికుడు చెప్పిన చోట లేకపోవడమూ కారణమే. మరి 6 కిలోమీటర్ల దూరం నుంచి రమ్మనడం? ఛార్జీ ఇంధనానికి కూడా చాలకపోవడం? దీన్ని ఇప్పుడు రోజువారీగా తేలుస్తున్నది యాప్‌లోని ఒక జాబితా. అందులో ఏముండాలో నిర్ణయించేది సంస్థ.

జరిమానా సొమ్ము ఎవరికి చేరుతుందన్నదీ చిన్న విషయం కాదు. మహారాష్ట్ర 2025 మేలో ప్రకటించిన విధానంలో, డ్రైవర్ రద్దు చేస్తే ఆ మొత్తం ప్రయాణికుడి ఖాతాలో పడాలని, ప్రయాణికుడు రద్దు చేస్తే డ్రైవర్‌కు చేరాలని స్పష్టంగా చెప్పారు. నష్టపోయినవారికే పరిహారం దక్కాలన్న సూత్రం అది.

ఓకే నొక్కిన తర్వాత మాట మీద నిలబడమని డ్రైవర్‌ను అడగడం న్యాయమే. అలా అడగాలంటే దూరం, గమ్యం, చేతికొచ్చే డబ్బు ఓకే నొక్కక ముందే ఆ డ్రైవర్‌కు కనిపించాలి. వాటిని చూపించడం, దాచడం సంస్థ చేతిలోని పని. రాష్ట్రాలు తమ నిబంధనలు రాసుకునేటప్పుడు రూ.100 దగ్గర ఆగిపోతే, ‘ఎక్కడికి సార్?’ అనే ఫోన్ కాల్స్ కొనసాగుతూనే ఉంటాయి.