విదేశీ కోడలో, అల్లుడో వస్తే.. పెళ్లి నోటీసు నుంచి ఓసీఐ కార్డు దాకా ఏ పని ఎప్పుడు?

మధిరకు చెందిన ఓ అబ్బాయి జర్మనీలో చదువుకుంటూ అక్కడి అమ్మాయిని ఇష్టపడ్డాడనుకుందాం. పెద్దలు ఒప్పుకున్నారు. అమ్మాయి 30 రోజుల ఈ-టూరిస్ట్ వీసాపై వచ్చింది. భద్రాచలం తీసుకెళ్లి రామయ్య సన్నిధిలో పెళ్లి చేశారు. ఇక ఆమె మధిరలోనే ఉండిపోవచ్చా?

కుదరదు. భారత పౌరుడిని పెళ్లాడినంత మాత్రాన ఇక్కడ నివసించే హక్కు దానంతట అదే రాదు. వీసా గడువు దాటి ఉండిపోతే, 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం ప్రకారం మూడేళ్ల వరకు జైలు, రూ.3 లక్షల వరకు జరిమానా లేదా రెండూ పడొచ్చు.

గుడిలో పెళ్లి సరిపోదా?

హిందూ వివాహ చట్టం ప్రకారం పెళ్లి చెల్లాలంటే వధూవరులిద్దరూ ఆ చట్టం పరిధిలోకి రావాలి. ఒకరు క్రైస్తవులో, ముస్లింలో అయితే ఆ దారి ఉండదు. అలాంటి జంటలకు ఉన్నది ప్రత్యేక వివాహ చట్టం-1954.

ఇద్దరిలో కనీసం ఒకరు 30 రోజులుగా నివసిస్తున్న జిల్లాలోని వివాహాధికారికి నోటీసు ఇవ్వాలి. తెలంగాణలో ఈ పని సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో జరుగుతుంది. అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు. ఆ తర్వాత ముగ్గురు సాక్షుల ఎదుట పెళ్లి జరిపించి సర్టిఫికెట్ ఇస్తారు. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోగా పెళ్లి జరగకపోతే మళ్లీ మొదటికే వస్తుంది. విదేశీయులను సాధారణంగా అవివాహితులమని తమ దేశం ఇచ్చిన ధ్రువపత్రం కూడా అడుగుతారు.

లెక్క చూడండి. అమ్మాయి వచ్చాక నోటీసు ఇస్తే, సర్టిఫికెట్ చేతికి రాకముందే 30 రోజుల వీసా అయిపోతుంది. అందుకే వీసా గడువు, ఒక విడతలో ఎన్ని రోజులు ఉండొచ్చన్నది చూసుకున్నాకే ముహూర్తం పెట్టుకోవాలి.

పెళ్లి విదేశంలోనే చట్టబద్ధంగా జరిగి ఉంటే, అక్కడి సర్టిఫికెట్‌కు అపోస్టిల్ ముద్ర వేయించుకోవాలి. ఆ పద్ధతి లేని దేశమైతే భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరణ చేయించాలి.

ఏ వీసా తీసుకోవాలి?

భారత పౌరుల భార్య లేదా భర్తకు ఇచ్చేది ఎక్స్-2 ఎంట్రీ వీసా. పెళ్లి సర్టిఫికెట్‌తో వారి దేశంలోని భారత రాయబార కార్యాలయం ద్వారా తీసుకుని రావడం మేలు. టూరిస్ట్ వీసాపై ఇక్కడ ఉండగా పెళ్లయితే, గడువు ముగియకముందే ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌వో పోర్టల్‌లో వీసా మార్పునకు దరఖాస్తు చేయొచ్చు. ఇద్దరూ కలిసి ఉంటున్నారా లేదా అని పోలీసులు ఇంటికి వచ్చి విచారిస్తారు. అనుమతి ఇవ్వడం, ఇవ్వకపోవడం అధికారుల నిర్ణయం.

180 రోజులకు మించిన వీసాపై వచ్చినవారు సాధారణంగా 14 రోజుల్లోగా ఎఫ్‌ఆర్‌ఆర్‌వో దగ్గర రిజిస్టర్ చేయించుకోవాలి. తెలంగాణ వారికి ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. విదేశీయులకు బస ఇచ్చినవారు 24 గంటల్లో ఆన్‌లైన్‌లో సమాచారం ఇవ్వాలి. ‘సొంత ఇల్లే కదా’ అని వదిలేయొద్దు.

ఓసీఐ ఎప్పుడు?

పెళ్లి రిజిస్టరై, ఆ బంధం వరుసగా కనీసం రెండేళ్లు కొనసాగితేనే దరఖాస్తుకు అర్హత వస్తుంది. అంటే రిజిస్ట్రేషన్ ఎంత ఆలస్యమైతే కార్డూ అంత ఆలస్యం. భారత్‌లో దరఖాస్తు చేస్తే ఫీజు రూ.15,000. భద్రతా తనిఖీ తప్పనిసరి. తల్లిదండ్రులు, తాతముత్తాతల్లో ఎవరైనా పాకిస్తాన్ లేదా బంగ్లాదేశ్ పౌరులైతే ఓసీఐ రాదు.

కార్డు వస్తే వీసా రెన్యువల్ బెడద తీరుతుంది. ఓటు హక్కు మాత్రం ఉండదు, వ్యవసాయ భూమి కొనలేరు. విడాకులైతే కార్డు రద్దు కావచ్చు.

పౌరసత్వం కావాలంటే భారత పౌరుల జీవిత భాగస్వామిగా ఇక్కడ ఏడేళ్లు నివసించి ఉండాలి. భారత్ ద్వంద్వ పౌరసత్వాన్ని అనుమతించదు కాబట్టి పాత పాస్‌పోర్టు వదులుకోవాలి.

చివరగా ఒక జాగ్రత్త. పాస్‌పోర్టులో, పెళ్లి సర్టిఫికెట్‌లో, వీసా దరఖాస్తులో పేరు ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ముందు రాయాలా, వెనక రాయాలా అన్నది మొదటి కాగితంలోనే తేల్చుకుంటే తర్వాత ఆఫీసుల చుట్టూ తిరిగే పని తప్పుతుంది.