సోలార్ లైటు పెట్టుకుంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

ఎండాకాలం గాలిదుమారం లేచిందంటే ఊళ్లో కరెంటు పోతుంది. మిర్చి కల్లం కాడ, బావి కాడ గుడిసెలో అయితే చాలాచోట్ల కరెంటే ఉండదు. పంట ఎనుమాముల మార్కెట్‌కు పోయే దాకా కల్లంలో కాపలా పడుకునేవాళ్లకు ఒక్క లైటున్నా చాలు, పామునో తేలునో చూసి అడుగు వేయొచ్చు. దీనికి చిన్న సోలార్ సెట్టు సరిపోతుంది. అయితే సోలార్ అనగానే "సబ్సిడీ వస్తుందట" అనే మాట వినబడుతుంది. ముందు అది తేల్చుకుందాం.

సోలార్ రెండు రకాలు

1. కరెంటు లైనుకు కలిపేది: ఇంటిపై పెద్ద ప్యానెళ్లు పెట్టి, మీటరు ద్వారా లైనుకు కలుపుతారు. దీనివల్ల బిల్లు తగ్గుతుంది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం సబ్సిడీ దీనికే. ఇళ్లకు 1 కిలోవాట్‌కు రూ.30,000, 2 కిలోవాట్లకు రూ.60,000, 3 లేదా అంతకన్నా ఎక్కువకు రూ.78,000 ఇస్తారు. బిగించి, తనిఖీ అయిన తర్వాత డబ్బు నేరుగా మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఒక విషయం గుర్తుంచుకోండి: బ్యాటరీ లేకపోతే, ఊళ్లో కరెంటు పోగానే ఇది కూడా ఆగిపోతుంది. స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా అట్ల తయారుచేశారు.

2. లైనుతో సంబంధం లేనిది: ప్యానెల్, బ్యాటరీ, బల్బులు, అంతే. కరెంటు పోయినా వెలుగుతుంది. కానీ సూర్యఘర్ సబ్సిడీ దీనికి రాదు.

గృహజ్యోతి కింద 200 యూనిట్లలోపు వాడి సున్నా బిల్లు అందుకుంటున్నారా? అయితే మొదటి రకం పెట్టినా తగ్గడానికి మీకు బిల్లే లేదు. అప్పు చేసే ముందు ఇది ఆలోచించండి. కరెంటు పోయినప్పుడు వెలుగు చాలనుకుంటే రెండో రకం తీసుకోండి.

ఎంత సైజు కావాలి?

లెక్క సులువే. 5 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు రెండు, రాత్రికి 5 గంటలు వెలిగితే 50 వాట్ గంటలు. సెల్‌ఫోన్ చార్జింగుకు ఇంకో 10. మొత్తం 60. ముసురు పట్టి ఎండ రాకపోయినా రెండు రాత్రులు నడవాలంటే 120 కావాలి.

• బ్యాటరీ: 12 వోల్టులది. మామూలు లెడ్ బ్యాటరీ అయితే 20 ఏహెచ్ తీసుకోండి. దాన్ని సగానికి మించి ఖాళీ చేస్తే తొందరగా పాడవుతుంది. లిథియం అయితే 12 ఏహెచ్ చాలు.
• ప్యానెల్: 40 వాట్లు.
• చార్జ్ కంట్రోలర్: 12 వోల్టులు, 5 లేదా 6 ఆంపియర్లు. మీ బ్యాటరీ రకానికి పనికొచ్చేదేనా అని అడగండి.
• బల్బులు: 12 వోల్టుల డీసీవి. ఇంట్లో వాడే మామూలు బల్బులు దీనిపై వెలగవు.
• 5 ఆంపియర్ల ఫ్యూజు, మంచి రాగి వైరు.

బిగించే పద్ధతి

ప్యానెల్ దక్షిణం వైపు చూడాలి, ఉత్తరం అంచు ఎత్తుగా ఉండాలి. మన వరంగల్‌లో 18 డిగ్రీల వాలు సరిపోతుంది. అంటే రెండడుగుల పొడవున్న ప్యానెల్‌కు వెనక ఏడెనిమిది అంగుళాలు లేపితే చాలు. చెట్టు కొమ్మ నీడ కొంచెం పడినా కరెంటు బాగా తగ్గుతుంది. గాలికి లేచిపోకుండా బోల్టులతో బిగించండి. కోతుల బెడద ఉంటే వైరును పైపులో నుంచి తీసుకురండి.

కంట్రోలర్‌కు ముందు బ్యాటరీ కలపాలి, తర్వాత ప్యానెల్, చివరగా బల్బులు. విప్పేటప్పుడు దీనికి తిరగేసి చేయాలి. ప్లస్, మైనస్ తారుమారు కావొద్దు. ఫ్యూజును బ్యాటరీ ప్లస్ దగ్గరే పెట్టండి.

ఈ తప్పులు చేయొద్దు

• ఈ సెట్టును ఇంటి కరెంటు వైరింగుకు కలపొద్దు.
• లెడ్ బ్యాటరీని పొయ్యి పక్కన, గాలి ఆడని మూలన పెట్టొద్దు. చార్జ్ అయ్యేటప్పుడు దాని నుంచి మండే వాయువు వస్తుంది.
• మిట్టమధ్యాహ్నం కాలిన ప్యానెల్‌పై చల్లనీళ్లు పోయొద్దు. పొద్దున్నే తడిగుడ్డతో తుడవండి. కల్లం కాడ దుమ్ము ఎక్కువ కాబట్టి వారానికోసారి తుడవాలి.
• పాత బ్యాటరీని పారేయొద్దు, కొన్న షాపులోనే తిరిగి ఇవ్వండి.

మోసపోకండి

"ఈ లైటు సెట్టుకు సూర్యఘర్ సబ్సిడీ ఇప్పిస్తాం, ముందు అడ్వాన్సు కట్టండి" అని ఎవరైనా అంటే నమ్మకండి. ఆధార్, బ్యాంకు ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. లైనుకు కలిపే సోలార్‌కైతే పీఎం సూర్యఘర్ పోర్టల్‌లోనే దరఖాస్తు చేసి, అందులో నమోదైన వెండర్‌తోనే పని చేయించుకోండి. చిన్న సెట్టు కొనేటప్పుడు రెండు మూడు షాపుల్లో ధర అడగండి. బిల్లు, వారంటీ కార్డు తప్పక తీసుకోండి. ప్యానెల్‌కు, బ్యాటరీకి వారంటీ వేరువేరుగా ఉంటుంది.

కరెంటు సమస్యలకు విద్యుత్ శాఖ నంబరు 1912. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

దీన్ని మీ వాడకట్టు గ్రూపులో, మహిళా సంఘం గ్రూపులో పంపండి. ఫోన్ చూడరాని పెద్దవాళ్లకు చదివి వినిపించండి.