ఊరి చెరువు – జీవుల పొత్తు

వేసవిలో గాని, వరుసగా రెండు మూడు దినములు మబ్బు పట్టినపుడు గాని, తెల్లవారుజామున ఊరి చెరువులో చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరచుకొనుటయు, ప్రొద్దెక్కుసరికి చచ్చి తేలుటయు పలు గ్రామములలో కానవచ్చుచున్నది. ఎవరో విషము కలిపిరను అనుమానము వెంటనే పుట్టును. పాట పాడినవారికి నష్టము, పంచాయతీకి తగవు. కొన్నిచోట్ల విషము నిజమే కావచ్చును. కాని పలుమారు ఆ చేపలు ఊపిరాడక చచ్చినవే. అది ఎట్లు జరుగునో తెలియుటకు జీవావరణ శాస్త్రములోని నాలుగైదు మాటలు చాలును.

జీవులకును, వాని చుట్టునున్న నేల, నీరు, గాలి, వెలుతురులకును గల సంబంధమును విచారించునది ఈ శాస్త్రము. 1866లో జర్మను శాస్త్రజ్ఞుడు ఎర్నస్ట్ హెకెల్ దీనికి పేరు పెట్టెను. ఒకచోటి జీవులను, అక్కడి నిర్జీవ పదార్థములను కలిపి ఒక్కటిగా చూడవలెనని 1935లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఆర్థర్ టాన్స్‌లే ప్రతిపాదించెను. దానినే ఆవరణ వ్యవస్థ యందురు. అట్టిదానిని కన్నులార చూడదలచిన గ్రామస్థునికి చెరువును మించినది లేదు.

నీటికి పచ్చదనము నిచ్చు నాచు, గట్టువార తుంగ, తామర మున్నగునవి సూర్యరశ్మి సాయమున తమ ఆహారమును తామే తయారు చేసికొనును. ఇవి ఉత్పత్తిదారులు. వీనిని తిను పురుగులు, నత్తలు, చేపలు, ఆ చేపలను తిను కొంగలు, చేపలు తెచ్చుకొని కూర వండుకొను మనము, అందరమును వినియోగదారులము. చచ్చినదానిని కుళ్ళబెట్టి మరల ఎరువుగా మార్చు సూక్ష్మజీవులు విచ్ఛిన్నకారులు. కంటికి కనబడవు గనుక వీని ఊసు ఎవరును తలపెట్టరు. నాచును పురుగు, పురుగును చిరుచేప, చిరుచేపను కొరమీను తినుట ఆహారపు గొలుసు.

ఈ గొలుసులో మెట్టు మెట్టుకు చాల భాగము ఖర్చగును. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున ఒక చిన్న సరస్సును పరిశోధించి రేమండ్ లిండెమన్ 1942లో ప్రకటించిన వ్యాసము ఈ లెక్కకు దారి చూపినది. పై మెట్టుకు చేరునది రమారమి పదవ వంతని మోటుగా చెప్పుదురు. అనగా 1000 కిలోల నాచుకు 100 కిలోల పురుగు, 10 కిలోల చిరుచేప, ఒక కిలో కొరమీను. ఇది తూచి చెప్పినది కాదు. కాని బొచ్చె, రోహు చేపలు క్రింది మెట్లలోనే మేయును గనుక అదే చెరువు వానిని ఎక్కువ తూకమున ఇచ్చును. పైగా బొచ్చె పైనీటను, రోహు నడినీటను, ఎర్రమోసు అడుగునను మేత వెదకుకొనును. ఆవాసము ఒక్కటే, వృత్తులు మూడు. మూడింటిని కలిపి పెంచుటలోని కిటుకు ఇదియే.

ఇక చేపల చావునకు వత్తము. పగటివేళ నాచు ప్రాణవాయువును నీటిలోనికి విడుచును. రాత్రి వెలుతురుండదు. నాచుతో సహా చెరువులోని జీవులన్నియు ఆ నిలువనే పీల్చుకొనును. కావున తెల్లవారుజామున అది మిక్కిలి తక్కువగా నుండును. ఊరి మురుగు నుండియు, పొలముల నుండియు నత్రజని, భాస్వరము చేరిన కొలది నాచు బలిసి నీరు చిక్కని పచ్చరంగుకు తిరుగును. మబ్బు పట్టెనా, పగటి రాబడి కూడ తగ్గును. నాచు చచ్చి కుళ్ళినచో విచ్ఛిన్నకారులు మిగిలిన ప్రాణవాయువును వాడుకొనును. కొరమీను పైకి వచ్చి గాలిని పీల్చగలదు గనుక బ్రతుకును. బొచ్చె, రోహు చచ్చును. తేలిన చేపలలో కొరమీనులు లేకున్నచో సభ్యులు మొదట ఈ కారణమునే అనుమానింపవలెను. నీటిని పరీక్ష చేయింపకముందే ఒకరిపై నింద మోపుట న్యాయము కాదు.

అట్లని ఎరువు చెరువునకు శత్రువని మేము చెప్పుట లేదు. పులికాట్ సరస్సుకు చేరువనున్న నేలపట్టు చెరువును చూడుడు. 1976లో పక్షుల రక్షితకేంద్రముగా ప్రకటింపబడిన ఈ చోట గూడబాతులు చెట్లపై గూళ్ళు కట్టి, పులికాట్‌లోను చుట్టుపట్ల చెరువులలోను చేపలు పట్టి పిల్లలకు తెచ్చును. వాని రెట్టలు నీట కలియును. ఆ నీరు వరిచేలకు పారును. రైతులు దానిని ఎరువునీరుగా మెచ్చుకొందురు. ఎక్కడి సరస్సులోని సారమో పక్షి రెక్కలపై వచ్చి ఈ ఊరి చేనికి చేరుచున్నది! నేలపట్టులో ఆ సారము పొలమునకు పోవుచున్నది. మురుగు కలియు చెరువులో పోవు దారిలేక నిలిచిపోవుచున్నది.

గుర్రపు డెక్క విషయమును ఇట్లే చూడవలెను. దక్షిణ అమెరికా నుండి వచ్చిన ఈ మొక్క మురుగునీటి సారముతోనే బలియును. మందు చల్లి చంపినచో అది చెరువులోనే మునిగి కుళ్ళి, చేపల ఊపిరి తీసి, తన సారమును తరువాతి డెక్కకు అప్పగించును. కూలి ఎక్కువైనను తీయించుటయే మేలు. తీసినదానిని గట్టుపై కుప్పపోసి వదలుట సగము పనియే. వానకు సారమంతయు మరల చెరువులో దిగును. కంపోస్టు గోతికి తరలింపవలెను. పూడికమట్టిని చేలకు తోలుటలోని లాభము రైతులకు వేరుగా చెప్పనక్కరలేదు.

1993లో అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణతో చేర్చిన పదునొకండవ షెడ్యూలులో చిన్న నీటిపారుదల, చేపల పెంపకము, సామాజిక అడవులు మూడును పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగా పేర్కొనబడినవి. మూడు పద్దులైనను చెరువు ఒక్కటే. కావున చేపల పాట వేయు సమావేశముననే మురుగుకాలువ మాటయు ఎత్తవలెనని మా సూచన. ఇండ్లవద్ద స్నానపు నీటికి, వంటింటి నీటికి ఇంకుడు గుంతలు త్రవ్వించినచో కాలువలో చేరునది తగ్గును. మిగిలినది చెరువులో పడక ముందు తుంగ, జమ్ము పెంచిన చిన్న మడుగులో నిలిచి పోవునట్లు చేయవచ్చును. ఆ జమ్మును ఏటేట కోయించి బయటికి తరలింపవలెను. కోయింపనిచో మడుగులోనే కుళ్ళి, పట్టిన సారమును మరల చెరువులోనికే విడుచును.